బ్యాంకు చెప్పే లెక్క... ఆర్బీఐ తేల్చే లెక్క

వడ్డీ అర శాతం ఎక్కువ ఇస్తున్నారని ఎఫ్‌డీ వేసేముందు ఆ బ్యాంకు వార్షిక నివేదిక ఒకసారి తిరగేయండి.

ఔటర్‌ రింగ్‌ రోడ్డు వచ్చాక హైదరాబాద్‌ శివారులోని కొల్లూరు రూపమే మారిపోయింది. ఒకవైపు 15,660 డబుల్‌ బెడ్రూం ఇళ్ల కాలనీ, మరోవైపు అపార్ట్‌మెంట్ల వరస. భూమి అమ్మిన సొమ్ము, పటాన్‌చెరు ఫ్యాక్టరీల జీతాలు, రిటైరైనవాళ్ల పీఎఫ్‌... అన్నీ చివరికి చేరేది బ్యాంకుకే. ఆ బ్యాంకు ఎంత గట్టిదో చూసుకునేవాళ్లెందరు?

హైదరాబాద్‌ ఒకసారి ఈ పాఠం నేర్చుకుంది. రమేశ్‌ గెల్లి సారథ్యంలో 1994లో ఇక్కడ మొదలైన గ్లోబల్‌ ట్రస్ట్‌ బ్యాంకు కొత్తతరం ప్రైవేటు బ్యాంకుల్లో ఒకటిగా వెలిగింది. 2001లో కేతన్‌ పారేఖ్‌ కుంభకోణం బయటపడటంతో, స్టాక్‌ మార్కెట్‌ వ్యాపారులకిచ్చిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 2002 మార్చి నాటి ఖాతాలపై ఆడిటర్లు చెప్పినదానికీ, ఆర్బీఐ తనిఖీలో తేలినదానికీ పొంతన కుదరలేదు. 2004 జులై 24న మారటోరియం పడింది. ఖాతాకు 10 వేలకు మించి తీయనివ్వలేదు. మూడు వారాలకు ఓరియంటల్‌ బ్యాంక్‌ ఆఫ్‌ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్లు దక్కాయి. వాటాదారులకు మాత్రం పైసా రాలేదు.

యెస్‌ బ్యాంకుదీ అదే దారి. 2016 మార్చి నాటికి మొండి బకాయిలు 749 కోట్లని బ్యాంకు చూపితే, ఆర్బీఐ లెక్కలో 4,926 కోట్లు తేలాయి. 2020 మార్చిలో మారటోరియం వచ్చింది. 8,415 కోట్ల ఏటీ-1 బాండ్లు (బ్యాంకు మూలధనంలో భాగమయ్యే, డిపాజిట్‌ కాని బాండ్లు) రద్దయ్యాయి.

ఏం చూడాలి?

లాభం ఒక్కటే చూస్తే చాలదు. బకాయిని మొండిదని ఒప్పుకోకుండా ఉన్నన్నాళ్లూ కాగితం మీద లాభం కనిపిస్తూనే ఉంటుంది.

• నికర ఎన్‌పీఏ: వాయిదా కట్టక 90 రోజులు దాటితే అప్పు మొండిదవుతుంది. నష్టం కోసం ముందే పక్కనపెట్టిన కేటాయింపులు పోను మిగిలినదే నికరం. అది 6 శాతానికి చేరితే ఆర్బీఐ ఆంక్షలు పెట్టొచ్చు.

• మూలధన నిష్పత్తి: ఇచ్చిన అప్పుల రిస్కుతో పోలిస్తే బ్యాంకు సొంత సొమ్ము ఎంతో ఇది చెబుతుంది. నిబంధనల ప్రకారం ఉండాల్సిన 11.5 శాతానికి పైన ఎంతుంటే అంత నిబ్బరం.

• అతిపెద్ద 20 మంది డిపాజిట్‌దారుల వాటా: ఎక్కువైతే, వాళ్లలో కొందరు వెళ్లిపోయినా బ్యాంకుకు ఊపిరాడదు.

• డైవర్జెన్స్‌: బ్యాంకు లెక్కకూ ఆర్బీఐ లెక్కకూ తేడా పరిమితి దాటితే వెల్లడించాలన్న నిబంధన 2017 నుంచి ఉంది. నివేదికలో ముందుగా వెతకాల్సింది ఇదే.

ఇంతా చూసినా పొరపడే వీలుంది. అందుకే బీమా. అసలు, వడ్డీ కలిపి ఒక బ్యాంకులో ఒకరికి 5 లక్షల వరకే రక్షణ. కొల్లూరు శాఖలో సగం, పటాన్‌చెరు శాఖలో సగం వేసినా బ్యాంకు ఒకటైతే బీమా కూడా ఒక్కటే. పెద్ద మొత్తం ఉంటే శాఖల్ని కాదు, బ్యాంకుల్నే మార్చి వేయాలి. ఎఫ్‌డీ కన్నా ఎక్కువ వస్తుందంటూ బాండు చూపిస్తే, అది డిపాజిట్‌ అవునో కాదో అడిగాకే సంతకం పెట్టండి.