లండన్‌లో ఒక మొక్కుబడి



ఎవరైనా మనసు పెట్టకుండా పని చేస్తే "ఏదో మొక్కుబడిగా చేసింది" అంటూంటాం. కానీ మొక్కుబడికి అసలు అర్థం అది కాదు కదా! కష్టంలో ఉన్నప్పుడు దేవుడికిచ్చిన మాటను, గట్టెక్కిన తర్వాత మరిచిపోకుండా చెల్లించుకోవడం. అలా చెల్లించిన మొక్కు ఒకటి లండన్ నగరంలో 1123 నుంచి ఈనాటిదాకా నిలిచి ఉంది. ఒక పక్క చర్చిగా, మరో పక్క ఆసుపత్రిగా. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ఆ చర్చి పేరు సెయింట్ బార్తలోమ్యూ ది గ్రేట్. లండన్ పాత కోటగోడకు అవతల, స్మిత్‌ఫీల్డ్ అనే చోట ఉంది. మొదట్లో ఇది ఊరివాళ్ళ చర్చి కాదు, ప్రయరీ చర్చి. ప్రయరీ అంటే ఒక రకం క్రైస్తవ మఠం అనుకోండి. మఠం పెద్దను ప్రయర్ అంటారు. ఇక్కడ ఉండే గురువులు సెయింట్ అగస్టీన్ పేరుమీద ఏర్పడ్డ నియమావళిని పాటిస్తూ, సొంత ఆస్తి లేకుండా, అందరూ ఒకేచోట తిని, ఒకేచోట ఉంటూ, వేళకు ప్రార్థనలు చేసేవారు.

దీన్ని కట్టించినవాడు రాజూ కాదు, బిషప్పూ కాదు. రాహియర్ అని, మొదటి హెన్రీ రాజు కొలువు చుట్టూ తిరిగిన మనిషి. పెద్దల ఇళ్ళకు చేరి, మాటలతో, వినోదాలతో వాళ్ళను మెప్పించి పబ్బం గడుపుకునేవాడని ఆ మఠంవాళ్ళే తమ పాత గ్రంథంలో రాసుకున్నారు. కొన్నాళ్ళకు ఆ బతుకు మీద విరక్తి పుట్టి రోమ్‌కు యాత్ర వెళ్ళాడు. అక్కడ జ్వరం పట్టుకుంది. ఇక బతకననుకున్నాడు. "ప్రాణంతో దేశం చేరితే బీదవాళ్ళకు ఆసుపత్రి కట్టిస్తాను" అని మొక్కుకున్నాడు. జబ్బు నయమై తిరిగి వస్తూంటే దారిలో బార్తలోమ్యూ స్వప్నంలో కనిపించి, స్మిత్‌ఫీల్డ్‌లో నా పేర గుడి కూడా కట్టు అన్నాడట. అప్పట్లో అది బురద నేల, పశువుల సంత జరిగే చోటు. అలాంటిచోట రాహియర్ చర్చినీ ఆసుపత్రినీ పక్కపక్కనే లేవనెత్తాడు. మఠానికి మొదటి ప్రయర్ కూడా ఆయనే.

ఈ బార్తలోమ్యూ ఎవరంటే, ఏసుక్రీస్తు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడు. తెలుగు బైబిల్లో బర్తొలొమయి అని ఉంటుంది. ఈయన ఇండియాకు వచ్చాడని తొలినాటి క్రైస్తవ చరిత్రకారులు రాశారు. వాళ్ళు ఇండియా అన్నది మన దేశాన్నేనా, ఇంకో ప్రాంతాన్నా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఏమైనా మనకు బొత్తిగా పరాయి పేరు కాదన్నమాట.

ఇక కట్టడం సంగతి. లావుపాటి గుండ్రటి రాతి స్తంభాలు, వాటిమీద అర్ధచంద్రాకారపు కమానులు. ఇది నార్మన్ల పద్ధతి. కోసుగా పైకి లేచే కమానులు ఆ తర్వాత వచ్చాయి. కింద వరసలో పెద్ద కమానులు, వాటిమీద మేడ వరండాలాగా చిన్న కమానులు, అన్నిటికంటే పైన కిటికీలు. ఆ వరండాలోనుంచి ఒక కిటికీ ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది. 16వ శతాబ్దం మొదట్లో ప్రయర్ బోల్టన్ దాన్ని పెట్టించుకున్నాడు, అక్కడినుంచే కింద జరిగే పూజ చూడవచ్చునని. దానికింద రాతిలో పీపాను దూసుకుపోయిన బాణం చెక్కి ఉంది. ఇంగ్లీషులో బోల్ట్ అంటే బాణం, టన్ అంటే పీపా. కలిపి చదవండి, బోల్టన్! పేరు రాసుకోకుండా పొడుపుకథ వేశాడు, చూశారా!

మఠానికి రాబడి తెచ్చిపెట్టినవాటిలో ముఖ్యమైనది సంత. 1133లో రాజు దానికి అధికారపత్రం ఇచ్చాడు. ఏటా ఆగస్టులో బార్తలోమ్యూ పండుగకు జరిగేది. దేశం నలుమూలలనుంచి బట్టల వర్తకులు వచ్చేవారు. చర్చి పక్క వీధిని ఇప్పటికీ క్లాత్ ఫెయిర్ అనే పిలుస్తారు. రానురాను బట్టల బేరం తగ్గి, తోలుబొమ్మలాటలు, గారడీలు, తాగుడు, కొట్లాటలు పెరిగాయి. చివరికి 1855లో సంత ఆగిపోయింది.

అసలు గండం 1539లో వచ్చింది. ఎనిమిదో హెన్రీ రాజు పేరు మీరు వినే ఉంటారు, ఆరు పెళ్ళిళ్ళు చేసుకున్నాయన. మొదటి భార్యను వదిలించుకోవడానికి పోపు ఒప్పుకోకపోయేసరికి, ఇంగ్లండు చర్చికి నేనే అధిపతినన్నాడు. ఆపైన దేశంలో ఉన్న ఎనిమిది వందల దాకా మఠాలను మూయించి ఆస్తులన్నీ లాగేసుకున్నాడు. ఈ మఠమూ ఆ వరసలోనే పోయింది. చర్చిలో పడమటి భాగాన్ని పూర్తిగా పడగొట్టారు. మన గుళ్ళలో ముఖమండపంలాగా జనం నిలబడే పొడుగాటి భాగం అది. మిగిలిన ఆవరణను రాజుగారి ఉద్యోగి రిచర్డ్ రిచ్ వెయ్యి పౌన్లకు పైచిలుకు పెట్టి కొనుక్కున్నాడు.

మరి తూర్పు భాగం ఎలా మిగిలింది? రాళ్ళు అందంగా ఉన్నాయని ఎవరూ వదిలెయ్యలేదు. ఆ ఆవరణలో కాపురాలుండేవాళ్ళకు పెళ్ళికీ, నామకరణానికీ, చావుకూ ఒక చర్చి కావాలి. అందుకని ఆ ముక్కను వాళ్ళకు వదిలారు. ఆ చిన్న అవసరమే ఆ పెద్ద కట్టడాన్ని కాపాడింది.

కాపాడిందన్నానే గానీ, చుట్టూ ఉన్న గదులకు పట్టిన గతి వింటే జాలేస్తుంది. గురువులు ధ్యానం చేసుకుంటూ నడిచిన నడవా గుర్రపుశాల అయింది. ఉత్తరపు రెక్కలో కమ్మరి కొలిమి పెట్టారు. మేడ వరండాలో బడి నడిచింది. మేరీమాత పేర కట్టిన వెనుకభాగం మొదట ఇళ్ళుగా మారి, తర్వాత అచ్చాఫీసు అయింది. అమెరికా స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1725లో, పందొమ్మిదేళ్ళ కుర్రవాడిగా అక్కడ పనిచేశాడు. ఆ తర్వాత అదే చోట గుడ్డల అంచులకు పెట్టే కుచ్చుల ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ గది చర్చిలోకి చొచ్చుకువచ్చి పూజాపీఠం నెత్తిమీదే ఉండేదట!

19వ శతాబ్దంలో ఆ చర్చివాళ్ళు చందాలు పోగుచేసి, ఒక్కొక్క గదినే డబ్బిచ్చి తిరిగి కొనుక్కున్నారు. ఆస్టన్ వెబ్ అనే వాస్తుశిల్పి మరమ్మతులు చేయించాడు. 1897కల్లా వెనుకభాగం మళ్ళీ ప్రార్థనాస్థలం అయింది. మొదటి ప్రపంచయుద్ధంలో దగ్గర్లో పడ్డ బాంబు కూడా విచిత్రంగా మేలే చేసింది. వీధివైపు దుకాణం ముఖం పెంకులు ఊడిపడితే, వాటి వెనుకనుంచి 1595 నాటి కొయ్యదూలాల ఇల్లు బయటపడింది. దానికింద ఉన్నది పడగొట్టిన పడమటి భాగం తాలూకు 13వ శతాబ్దపు రాతి ద్వారం. ఇప్పుడు ఆ ద్వారంలోంచే లోపలికి వెళతారు. ద్వారానికీ చర్చికీ మధ్య ఉన్న ఖాళీస్థలంలో నడుస్తున్నప్పుడు, ఒకప్పుడు ఇదంతా కప్పుకింద ఉండేదని గుర్తు చేసుకోవాలి.

ఇక మొక్కులో మొదటి సగం, ఆసుపత్రి. నాకు ఈ కథలో మనసుకు పట్టింది ఇదే. పూర్వం దీన్ని ఎనిమిదిమంది సోదరులు, నలుగురు సోదరీమణులు నడిపేవారు. బీద రోగులను నయమయ్యేదాకా ఉంచుకునేవారు. దిక్కులేని గర్భిణులకు పురుడు పోసేవారు. తల్లి అక్కడే కన్నుమూస్తే, ఆ బిడ్డను ఏడేళ్ళు వచ్చేదాకా ఆసుపత్రే సాకేది. ఆరువందల ఏళ్ళకు పైబడిన మాట ఇది! ఆనాడు పురుడంటే ఆడదానికి చావుబతుకుల మధ్య సంగతి. తాను పోయినా బిడ్డ వీధిన పడదన్న ధైర్యం కంటే పెద్ద వరం ఏముంటుంది చెప్పండి?

మఠంతోపాటు ఆసుపత్రి ఆదాయమూ పోయింది. అప్పుడు లండన్ నగరంవాళ్ళు ఊరుకోలేదు. రోగులు వీధుల్లో పడి ఉన్నారు, ఆసుపత్రులు మాకివ్వండని మేయరే రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. కొన్నేళ్ళు నాన్చి, చివరికి తన మరణానికి కొద్దివారాల ముందు రాజు దాన్ని నగరానికి అప్పగించాడు. దాన్ని నడపడానికి ఒక మేట్రన్‌నూ, పన్నెండుమంది సిస్టర్లనూ పెట్టారు. రక్తం గుండెనుంచి బయలుదేరి ఒళ్ళంతా తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుందని 1628లో నిరూపించిన విలియం హార్వీ ఆ ఆసుపత్రి వైద్యుడే. 1697లో ఈ చర్చిలో బాప్తిస్మం పొందిన చిత్రకారుడు హోగార్త్, పెద్దవాడయ్యాక పైసా పుచ్చుకోకుండా ఆసుపత్రి మెట్లగోడలకు పెద్ద చిత్రాలు వేసి ఇచ్చాడు. 1992లో దాన్ని మూసెయ్యాలని ప్రభుత్వ నివేదిక ఒకటి చెబితే, జనం పెద్ద ఆందోళన చేసి నిలబెట్టుకున్నారు. ఇప్పుడు గుండెజబ్బులకూ క్యాన్సర్‌కూ పేరున్న ఆసుపత్రి అది. 2023లో చర్చీ ఆసుపత్రీ కలిసి తొమ్మిదివందల ఏళ్ళ పండుగ చేసుకున్నాయి.

ఒక తమాషా చూడండి. ఆసుపత్రి ద్వారంమీద ఉన్న విగ్రహం ఎనిమిదో హెన్రీది! లాక్కున్నదాన్ని తిరిగి ఇచ్చినందుకు దాత అనిపించుకున్నాడు. అసలు దాత రాహియర్ మాత్రం చర్చిలో పూజాపీఠం పక్కన రాతిమంచం మీద నిశ్శబ్దంగా పడుకుని ఉంటాడు. ఆయన బొమ్మ పక్కన ఇద్దరు చిన్న గురువులు మోకాళ్ళమీద కూర్చుని పుస్తకం చదువుతూంటారు.

మన పిల్లల చదువులూ ఉద్యోగాలూ పుణ్యమా అని మనలో చాలామంది లండన్ చూసి వస్తున్నారు. రాజభవనం, పెద్ద గడియారం, టవర్ వంతెన అందరూ చూపిస్తారు. ఈసారి వెళితే బార్బికన్ స్టేషన్‌లో దిగి స్మిత్‌ఫీల్డ్ దాకా నడవండి, ఎంతో దూరం లేదు. చర్చి చూసి, పక్కనే ఆసుపత్రి గేటు దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. ఆ రెండూ కలిపి చూస్తేనే రాహియర్ మొక్కు పూర్తిగా చూసినట్టు.