యాప్‌లో పత్తి ధర కనబడట్లేదా? ఫిల్టర్, పేజినేషన్ సరిగ్గా పెట్టడం ఎలా?

మార్కెట్ యార్డు ధరలు చూపించే చిన్న వెబ్ యాప్ ఒకటి మీరు చేశారనుకుందాం. సుల్తానాబాద్‌లో ఒక రైతు పత్తి తీసుకెళ్లే ముందు ఫోన్‌లో చూస్తే "ధర లేదు" అని వచ్చింది. నిజానికి డేటాబేస్‌లో ధర ఉంది. యాప్ ఆ పేజీ దాకా వెళ్లలేదు, అంతే!

ఎందుకిలా అవుతుంది?

ప్రభుత్వ ఓపెన్ డేటా సైట్ డేటా.గవ్.ఇన్‌లో దేశంలోని మార్కెట్ల రోజువారీ ధరలు ఏపీఐగా దొరుకుతాయి. శాంపిల్ కీ వాడితే ఒక రిక్వెస్ట్‌కు 10 రికార్డులే వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ 10 తెచ్చుకుని, ఫోన్‌లోనే జావాస్క్రిప్ట్‌తో జిల్లా పేరు వెతుకుతారు. ఆ పదిలో మన జిల్లా లేకపోతే స్క్రీన్ ఖాళీ. ఆ ఏపీఐలోనే ఫిల్టర్స్, లిమిట్, ఆఫ్‌సెట్ ఉన్నాయి. రాష్ట్రం, జిల్లా, పంట పేరు రిక్వెస్ట్‌లోనే పంపితే సరిపోతుంది.

మీ సొంత ఏపీఐలో ఎలా?

ఈ వరుస గుర్తుపెట్టుకోండి: ముందు ఫిల్టర్, తర్వాత సార్ట్, చివర్లో పేజీ. మూడూ సర్వర్‌లోనే జరగాలి. ఎస్‌క్యూఎల్‌లో వేర్, ఆర్డర్ బై, ఆ తర్వాత లిమిట్, ఆఫ్‌సెట్. లెక్క కూడా సింపులే. పేజీ నంబర్‌లో 1 తీసేసి లిమిట్‌తో గుణిస్తే ఆఫ్‌సెట్ వస్తుంది. పేజీకి 10 చొప్పున 3వ పేజీ కావాలంటే ఆఫ్‌సెట్ 20. లిమిట్‌కు గరిష్ఠం కూడా పెట్టండి. లేదంటే ఎవరో ఒకరు లక్ష అడుగుతారు, సర్వర్ పడుకుంటుంది.

ఇక్కడ జాగ్రత్త

ఒకటి, కొత్తవి పైన వచ్చే లిస్టులో మీరు 1వ పేజీ చదువుతుండగా 3 కొత్త ధరలు చేరాయనుకోండి. 2వ పేజీలో పాత మూడు మళ్లీ కనిపిస్తాయి. అలాంటి చోట ఆఫ్‌సెట్ బదులు "ఈ ఐడీ తర్వాతివి ఇవ్వు" అని అడిగే కర్సర్ పద్ధతి మేలు. పెద్ద టేబుల్‌లో స్పీడ్ కూడా బాగుంటుంది.

రెండు, పేర్లు. పెద్దపల్లి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు సుల్తానాబాద్ కరీంనగర్ జిల్లాలో ఉండేది. పాత ధరలు వెతికేటప్పుడు పెద్దపల్లి అని మాత్రమే ఫిల్టర్ పెడితే కరీంనగర్ పేరుతో ఉన్నవి తప్పిపోతాయి. రెండు పేర్లతోనూ వెతకండి.

చివరగా, రెస్పాన్స్‌లో మొత్తం ఎన్ని రికార్డులు దొరికాయో కూడా పంపండి. ఆ సంఖ్య సున్నా అయితేనే "ధర లేదు" అని చూపించండి. నెట్ పోతే "నెట్ లేదు" అని చెప్పండి. ఆ రెండింటికీ తేడా తెలియకపోతే రైతు యార్డుకు వెళ్లాలా వద్దా అన్నది తప్పుగా తేల్చుకుంటాడు.