గడ్డకట్టిన వీర్యములో చావని క్రిములు

నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రము కలదు. ఆళ్లగడ్డ ప్రాంతమున పశువైద్యశాలలో మీ ఆవునకో గేదెకో ఎక్కించు స్ట్రా ఇట్టి కేంద్రముల నుండి వచ్చునదే. సన్నని ఆ గొట్టములో 0.25 మిల్లీలీటరు వీర్యముండును. దానిని సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలువచేయుదురు. అంత చలికి క్రిములన్నియు చచ్చునని పలువురు తలతురు. అది సరికాదు. వీర్యకణములను కాపాడు చలియే క్రిములను కూడ కాపాడును. స్ట్రాను వెచ్చచేయగానే అవియు మేలుకొనును.

అందుచేతనే వీర్యమును పలుచన చేయు ద్రవములో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలుపు పద్ధతి 1940 తరువాత వాడుకలోనికి వచ్చినది. అది మిక్కిలి మేలు చేసినది. కాని ఏండ్ల తరబడి అవే మందులు వాడగా వాటికి లొంగని క్రిములు మిగిలి వృద్ధియైనవి. సూడోమోనాస్ అను క్రిమి స్వభావముచేతనే పెక్కు మందులకు లొంగదు. చాలీచాలని మోతాదు క్రిములను మొండివిగా చేయునని, పెన్సిలిన్ కనుగొనిన ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించెను.

కావున క్రిమిని వీర్యములో పడనీయకుండుటయే మేలు. కేంద్రములో ఆబోతు పొట్టక్రింది తోలుసంచిని కడుగుట, అచ్చటి వెండ్రుకలను కత్తిరించుట, ప్రతి తడవకు శుభ్రమైన వేరు పరికరము వాడుట ఇందులకే. ఇక మీరు గమనింపవలసినవి ఇవి:

1. స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకనులుంచి, తడిలేకుండ తుడిచిన పిమ్మటనే కత్తిరించవలెను. తడి ఉన్నచో నీటిలోని క్రిములు లోనికి పోవును.

2. ఎక్కించు గన్‌కు ప్లాస్టిక్ తొడుగు ప్రతి పశువునకు క్రొత్తది కావలెను.

3. ఎద తీగ తేటగా ఉండవలెను. చీము కనిపించినచో ఆ ఎదకు ఎక్కింపరాదు.

4. చీమునకు మీ అంతట మందు వేయకుడు. ఏ మందుకు క్రిమి లొంగునో పశువైద్యునిచే పరీక్ష చేయించి, చెప్పినన్ని దినములు పూర్తిగా వాడుడు. మిగిలిన మందును వేరొక పశువునకు వేయరాదు.

ఒక ఎద వృథాయైన మరల సుమారు 21 దినములు ఆగవలెను. ఆ మేత ఖర్చు రైతుదే.

గ్రామాధికారులకొక మనవి. స్ట్రాపై ఆబోతు సంఖ్య, తయారైన తేదీ ముద్రించియుండును. ఎక్కించిన ప్రతిసారి వానిని వ్రాయించుడు. ఒకే సంఖ్య గల స్ట్రాలతో పలు పశువులు చూడి నిలువక, చీము కార్చినచో వెంటనే పశువైద్యునకు తెలుపుడు. మిగిలిన స్ట్రాలను వాడక పరీక్షకు పంపవచ్చును. ఆ వ్రాత లేనిచో తప్పు ఆవుదో, వీర్యముదో, చేతిదో తెలియుటకు దారి యుండదు.