గోటికి దొరికిపోయిన మడత ఫోను

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో కొత్త ఫోనుకి గ్లాసు వేయించుకోవడం ఓ చిన్న తంతు. కుర్రాడు ఫోను అందుకుంటాడు. కంపెనీ అంటించి పంపిన పల్చటి ప్లాస్టిక్ పొర ఏ మూలన లేచిందో చూసుకోను కూడా చూసుకోడు. బొటనవేలి గోరు అంచున ఆనించి సర్రున లాగి కింద పడేస్తాడు. తడి కాగితం, పొడి కాగితం, దుమ్ము లాగే స్టిక్కరు, ఆపైన గ్లాసు. నడుమ వేలితో ఒక్క నొక్కు నొక్కితే జిగురు నీళ్లలా నాలుగు పక్కలకీ పాకుతుంది. బుడగ మిగిలితే పాత ఏటీఎం కార్డుతో అంచుకి తోసేస్తాడు. మొత్తం రెండు నిమిషాల పని. ‘ఆ పొర పీకేయమంటారా’ అని ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ ఆపలేదు.

2019 ఏప్రిల్‌లో అమెరికాలో పేరున్న సమీక్షకులు ఇద్దరు చేసిందీ ఇదే. కాకపోతే వాళ్ల చేతుల్లో ఉన్నది ఇంకా అమ్మకానికి రాని ఫోను. ధర 1,980 డాలర్లు.

ఆ ఫోను శామ్‌సంగ్ గెలాక్సీ ఫోల్డ్. మూస్తే 4.6 అంగుళాల బుల్లి తెర, పుస్తకంలా విప్పితే లోపల 7.3 అంగుళాల పెద్ద తెర. ఆరు కెమెరాలు, 263 గ్రాముల బరువు. ఫిబ్రవరి 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదిక మీద విప్పి చూపించినప్పుడు హాలంతా చప్పట్లు. అదే నెలలో బార్సిలోనా మొబైల్ వరల్డ్ కాంగ్రెస్‌కి వెళ్లినవాళ్లకి మాత్రం అద్దాల పెట్టెలోనే దర్శనమిచ్చింది. కళ్లతో చూడటమే, చేత్తో తాకింది లేదు. తిరణాలలో గాజు బీరువాలోని బొమ్మ లాగా.

నాకు అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది. మడత పెట్టడమే గొప్పతనమైన వస్తువుని మడత పెట్టనివ్వకుండా ఎందుకు చూపిస్తారు?

అనుమానాలుంటాయని కంపెనీకీ తెలుసు. మార్చిలో ఓ వీడియో వదిలింది. వరసగా నిలబెట్టిన యంత్రాలు ఫోన్లని మూస్తూ, తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ ఉంటాయి. 2 లక్షల సార్లు మడిచినా తట్టుకునేలా పరీక్షించామన్నారు. రోజుకి వందసార్లు తీసి చూసినా ఐదేళ్లకి పైమాటే. లెక్క బాగుంది. అయితే యంత్రం ప్రతిసారీ ఒకే చోట పట్టుకుంటుంది, ఒకే బలంతో మూస్తుంది. దానికి జేబు లేదు. జేబులో నలిగిన బస్సు టికెట్టూ, వక్కపొడీ, ఇసుక రేణువూ లేవు. అన్నిటికన్నా ముఖ్యంగా దానికి గోళ్లు లేవు.

అమ్మకాలు ఏప్రిల్ 26న మొదలు కావాలి. అంతకు పదిరోజుల ముందు కొద్దిమంది సమీక్షకుల చేతికి ఫోన్లు అందాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఆ పది రోజుల విలువ తెలుసు. ఆవిష్కరణ సభలో పక్కనే కంపెనీ మనిషి నిలబడి ఉండగా పది నిమిషాలు తిప్పి చూసి రాసేవి ఒట్టి పెళ్లిచూపుల ముచ్చట్లు. రంగు బాగుంది, నునుపు బాగుంది, అంతే. ఫోను మన దిండు పక్కన పడుకుని, మన చెమట చేతుల్లో తిరిగి, పొయ్యి దగ్గర ఓసారి, బస్సులో ఓసారి బయటికొస్తేగానీ కాపురం సంగతి తెలీదు.

తొలి మాటలు మెచ్చుకోలుగానే వచ్చాయి. నడుమ మడత గీత కనిపిస్తోంది కానీ తెర ఎదురుగా పెట్టుకుంటే దాదాపు మర్చిపోతాం అన్నారు. బయటి తెర మరీ ఇరుకు, దానిమీద టైపు చేయడం కష్టం అన్నారు. మూసినా రెండు సగాలూ పూర్తిగా కలవవు, మధ్యలో సందు మిగులుతోంది అన్నారు. విప్పి పట్టుకుంటే మాత్రం ఒకేసారి మూడు యాప్‌లు తెరుచుకునే ఆ వెడల్పు మరిగినవాళ్లకి మామూలు ఫోను ఆనదన్నారు.

ఆ తర్వాత, ఏప్రిల్ 17న, పిడుగు పడింది. బ్లూంబర్గ్ విలేఖరి మార్క్ గుర్మన్ తన ఫోను రెండ్రోజులకే పూర్తిగా పాడైందని ట్విటర్‌లో ఫొటోలతో సహా పెట్టాడు. యూట్యూబ్‌లో పేరుమోసిన మార్కెస్ బ్రౌన్లీ తెర కూడా ఆరిపోయింది. ఇద్దరూ చేసిన పని ఒకటే: తెరమీద స్క్రీన్ గార్డ్ లాంటి పొర కనిపిస్తే గోటితో లేపారు.

అది స్క్రీన్ గార్డ్ కాదు. తెరలో భాగమే. గాజు మడవడానికి లొంగదు కాబట్టి, మడిచే తెరని అప్పట్లో పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్‌తో చేశారు. గాజు లేనిచోట దాన్ని కాపాడేది ఆ పైపొరే. దాన్ని పీకడమంటే అరటిపండు తొక్క ఒలిచినట్టు కాదు, కోడిగుడ్డు పెంకు ఒలిచి గుడ్డు నిలబడాలనుకోవడం. అయితే ఆ పొర అంచు చట్రం కిందికి వెళ్లలేదు. చట్రానికి ఇవతలే, గోరు పట్టేంత సందు వదిలి ఆగిపోయింది. గోరు దూరే సందు కనబడితే మనిషి గోరు పెట్టకుండా ఉంటాడా? పీకకూడదన్న హెచ్చరిక తన పెట్టెలో లేదని గుర్మన్ అప్పుడే చెప్పాడు.

నేనైతే వాళ్లని తప్పుపట్టను. పైగా ఇందులో ఓ తమాషా ఉంది. మా నాన్న చేతికిచ్చుంటే ఆ ఫోను నిక్షేపంగా ఉండేది. మా ఇంట్లో టీవీ రిమోట్ కొని తొమ్మిదేళ్లు. ప్లాస్టిక్ తొడుగు ఇంకా ఉంది, దానిలోంచే నొక్కాలి. కారు సీట్ల కవర్లు చినిగి వాటంతటవే రాలాయి తప్ప ఎవరూ తీయలేదు. ఫ్రిజ్ తలుపు మీది నీలం పొర విషయంలో ఇప్పటికీ ఆయనకీ మా ఆవిడకీ మాటల్లేవు. మనుషుల్లో పీకేవాళ్లూ, ఉంచేవాళ్లూ అని రెండు జాతులున్నాయి. ఫోను చేసినవాళ్లు మొదటి జాతిని లెక్కలోకి తీసుకోలేదు.

అంతటితో ఆగిపోతే ‘వాడటం రానివాళ్లు పాడుచేశారు’ అని కంపెనీ చేతులు దులుపుకునేదేమో. ఆ అవకాశం కూడా మిగల్లేదు. ‘ది వెర్జ్’కి రాసే డీటర్ బోన్ ఏ పొరా పీకలేదు. మామూలుగానే వాడాడు. కీలు దగ్గర తెర కింద ఏదో చిన్న నలుసు దూరి, కంట్లో పడ్డ ఇసుకలా పైకి పొడుచుకొచ్చి, చివరికి తెర దెబ్బతింది. సీఎన్‌బీసీ విలేఖరి స్టీవ్ కోవాచ్ కూడా పొర జోలికే వెళ్లలేదు. ఆయన ఫోన్లో ఎడమ సగం మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. అంటే సందులు రెండున్నాయి. ఒకటి గోటికి, ఒకటి దుమ్ముకి. తలుపు బందుల్లో దుమ్ము చేరడం మన ఇళ్లలో రోజూ చూసేదే. తలుపైతే కిర్రుమని ఊరుకుంటుంది.

ఏప్రిల్ 22న శామ్‌సంగ్ విడుదల వాయిదా వేసింది. అంతకు మూడేళ్ల కిందటే, 2016లో, నోట్ 7 బ్యాటరీలు అంటుకుని ఫోన్లన్నీ వెనక్కి రప్పించి, చివరికి ఆ మోడలునే ఆపేసుకున్న అనుభవం దానిది. ఆ దెబ్బ జనం ఇళ్లలో తగిలింది. ఈసారిది కొద్దిమంది సమీక్షకుల బల్లల మీదే తేలిపోయింది. ఏది నయమో వేరే చెప్పక్కర్లేదు. మొబైల్ విభాగం అధినేత డీజే కో ఆ వేసవిలో పత్రికలవాళ్ల ముందు, ఇది తలవంపుల వ్యవహారమేననీ, సిద్ధం కాకముందే ముందుకు తోశాననీ ఒప్పుకున్నాడు. అంత పెద్ద కుర్చీలోంచి అలాంటి మాట అరుదు.

జులైలో చెప్పిన మార్పులు చూస్తే ఆ సమీక్షకుల గోళ్లకీ, జేబులకీ జవాబు రాసినట్టే ఉంటాయి. పైపొర అంచుని చట్రం కిందికి తోశారు, ఇక గోటికి దొరకదు. కీలుకి పైనా కిందా చిన్న టోపీలు పెట్టి సందు మూశారు. తెర అడుగున అదనంగా లోహపు పొరలు వేశారు. సెప్టెంబరులో ఫోను అమ్మకానికొచ్చింది. అక్టోబరు 1న మన దేశానికి వచ్చేసరికి ధర 1,64,999 రూపాయలు. ఆ పైన నాలుగు నెలలకి, 2020 ఫిబ్రవరిలో, జడ్ ఫ్లిప్ అనే మరో మడత ఫోనుతో మడిచే గాజు కూడా వచ్చింది. వెంట్రుకకన్నా పల్చన. దానిమీద కూడా ఓ ప్లాస్టిక్ పొర ఉంది, అదీ పీకకూడదు.

మొన్న జగదీశ్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఓ స్నేహితుడి మడత ఫోను నా చేతిలో ఉంది. లోపలి పొర నడిమధ్య బుడగలు లేచాయి, మార్పించి పెట్టమన్నాడు. నా ఫోనుకైతే మాట్లాడేలోపే గోరు పెట్టే కుర్రాడు దీన్ని విప్పి చూసి, రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

“ఫోల్డు అయితే మేం ముట్టమన్నా. సర్వీస్ సెంటర్‌కే పో.”