తల కప్పుకుని దాటిన దారి

మదీనాలో ఫజ్ర్ నమాజు ముగించుకుని, ప్రయాణపు దుఆ చదువుకుని బయలుదేరాం. ఉమ్రాకు వెళ్లిన మేము, అమ్మీ, చెల్లెలు. కారు నడిపింది జిద్దాలో ఉద్యోగం చేస్తున్న భాయ్‌జాన్. గమ్యం అల్ ఉలా. ఉత్తరంగా 300 కిలోమీటర్లకు పైనే.

ఖైబర్ పరిసరాల్లో దారి పొడవునా నల్లని లావా రాళ్లే, బట్టీలో మాడిన పెళ్లల్లా. ఆ తర్వాత నేల రంగే మారిపోతుంది. ఎర్రని ఇసుకరాతి కొండలు రోడ్డుకు ఇరువైపులా గోడల్లా లేస్తాయి. గాలీ నీరూ వాటిని స్తంభాలుగా, పుట్టగొడుగులుగా, తోరణాలుగా మలిచాయి. లోయ అడుగున ఖర్జూర తోటలు, 1980లలో జనం పూర్తిగా ఖాళీ చేసిన పాత మట్టి ఊరు.

అక్కడికి 20 కిలోమీటర్ల దూరంలోనే హిజ్ర్, అంటే మదాయిన్ సాలిహ్. ఆ పేరు వినగానే అమ్మీ రానంది. "ప్రవక్త (స) తల కప్పుకుని వేగంగా దాటిన చోటికి మనం షికారుకు వెళతామా?"

తేలిగ్గా తీసిపారేయదగిన మాట కాదది. కొండలను తొలిచి ఇళ్లు కట్టుకున్న సమూద్ జాతి, ప్రవక్త సాలిహ్ (అ) మాట కాదని నాశనమైన వృత్తాంతం దివ్యఖుర్ఆన్‌లో ఉంది. 15వ సూరా పేరే అల్ హిజ్ర్. హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో తబూక్ దండయాత్రకు వెళుతూ దైవప్రవక్త (స) ఈ దారినే వచ్చారు. ఇక్కడి బావుల నీటితో కలిపిన పిండిని ఒంటెలకు వేయమన్నారు, ఒంటె తాగిన బావి నీళ్లే తోడుకోమన్నారు. ఏడుస్తూ తప్ప ఇక్కడ ప్రవేశించవద్దన్నారు. బుఖారీ హదీసు ఇది.

"ఏడుస్తూ వెళ్లవచ్చనేగా అమ్మీ!" అన్నారు భాయ్‌జాన్.

"ఫొటోలు తీసుకుంటూ ఏడుస్తావా?"

అమ్మీ, ఆమెకు తోడుగా చెల్లెలు విడిదిలోనే ఉండిపోయారు. మేమిద్దరం వెళ్లాం.

కొండ ముఖాన చెక్కిన ద్వారాలు సమూద్ ఇళ్లేనని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. కానీ ఇప్పుడు కనిపించేవి వారి తర్వాత ఎంతో కాలానికి, క్రీస్తుకు కాస్త అటూ ఇటూగా, నబతీయులు తొలిచిన సమాధులని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. మొత్తం 111, వాటిలో 94 అలంకరించినవి. 2008లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొన్ని ద్వారాలపై శాసనాలున్నాయి: సమాధి ఎవరిది, అందులో ఎవరిని ఖననం చేయవచ్చు, అమ్మితే ఎంత జరిమానా! బతికుండగానే దస్తావేజు రాయించుకున్నారన్న మాట. స్త్రీల పేరిట ఉన్నవీ ఉన్నాయి.

ఒంటరి బండలో చెక్కిన ఖస్ర్ అల్ ఫరీద్ ముందు ఎక్కువసేపు నిలబడ్డాం. పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, అడుగు భాగం నునుపు చేయకుండానే వదిలేశారు. ఆ ఉలి దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. భాయ్‌జాన్ ఫోను జేబులోంచి తీయనేలేదు.

సాయంత్రం ఏనుగు కొండకు వెళ్లాం. తొండం నేలకు ఆనించిన ఏనుగులాంటి, సుమారు 50 మీటర్ల ఎత్తు బండ. "ఇది హిజ్ర్ కాదు కదా?" అని అమ్మీ రెండుసార్లు అడిగి, కాదన్నాకే కారు దిగింది. ఇసుక మీదే మగ్రిబ్ నమాజు చేసుకున్నాం. తర్వాత ఆమే భాయ్‌జాన్‌ను పిలిచి, "ఇక్కడ తియ్యి, ఏనుగు మొత్తం పడాలి" అంది.