ఏనుగులతో ఎక్కాలు

1933లో అమెరికాలో వ్యాపారం గురించి ఒక లావుపాటి పుస్తకం వెలువడింది. రాసింది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన హొరేస్ సెక్రిస్ట్. పుస్తకం పేరు ‘ది ట్రయంఫ్ ఆఫ్ మీడియాక్రిటీ ఇన్ బిజినెస్’. 1920 నాటి లెక్కలు పట్టుకుని ఆయన డిపార్ట్‌మెంట్ స్టోర్లను వరసలో పెట్టారు. జోరుగా నడుస్తున్నవి పైగుంపు, ఈసురోమంటున్నవి కిందిగుంపు, అంతంతమాత్రంగా ఉన్నవి మధ్య గుంపులు. తర్వాతి పదేళ్లలో ఒక్కో గుంపు సగటు ఎటు పోయిందో చూశారు. పైగుంపు కిందికి దిగింది, కిందిగుంపు పైకి పాకింది. స్టోర్లను వదిలి వేరే వ్యాపారాల లెక్కలు తీసినా అదే తంతు. పోటీ ఉన్నచోట ఎవరి గొప్పా ఎక్కువకాలం నిలవదు, చివరికి అందరూ సగటుకే చేరతారు అని ఆయన తేల్చేశారు.

ఆ పుస్తకాన్ని సమీక్షించిన కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెరాల్డ్ హోటలింగ్ దాని గాలి మొత్తం తీసేశారు. ఇందులో పోటీ గురించి గానీ, వ్యాపారం గురించి గానీ తెలిసిందేమీ లేదనీ, వరసలో పెట్టిన పద్ధతిలోంచే ఆ ఫలితం పుట్టిందనీ చెప్పారు. సెక్రిస్ట్ ఒప్పుకోకుండా జవాబు రాశారు. దానికి హోటలింగ్ ఇచ్చిన బదులు గణాంకశాస్త్రం చదివేవాళ్లలో ఇప్పటికీ చెలామణిలో ఉంది. ఇంత ఖర్చుపెట్టి ఇన్ని వ్యాపారాల లెక్కలతో దీన్ని నిరూపించడం, ఏనుగుల్ని అడ్డంగా నిలువుగా బారులు తీర్చి ఎక్కాల పుస్తకం నిజమేనని నిరూపించి, ఆ తర్వాత మిగతా జంతువులతోనూ అదే పని చెయ్యడం లాంటిదని ఆయన అన్నారు.

సెక్రిస్ట్ లెక్కల్లో కూడికలు, తీసివేతలు తప్పలేదు. పైగా ఆయన 1917లోనే గణాంక పద్ధతుల మీద పాఠ్యపుస్తకం రాసిన మనిషి. అందుకే బిజినెస్ స్టాటిస్టిక్స్ మొదటిసారి చదివే విద్యార్థికి ఈ ఉదంతం తెలిసి ఉండటం మంచిది. సూత్రం నోటికి వచ్చినంత మాత్రాన, ఒక కొలతను బట్టి ఇంకోదాన్ని అంచనా వేసే రిగ్రెషన్ వచ్చినట్టు కాదు.

ఒక దుకాణం 1920లో అందరికంటే పైన ఉందంటే, అందులో కొంత యజమాని సమర్థత, కొంత ఆ ఏటి కలిసొచ్చిన కాలం. సమర్థత మర్నాటికి మాయం కాదు. కలిసిరావడం మాత్రం ప్రతి ఏడూ అదే గడప తొక్కదు. కాబట్టి ఆ గుంపు సగటు తర్వాతి ఏళ్లలో తగ్గుతుంది. అడుగున ఉన్నవాళ్లకు దీనికి తలకిందులు. ఒక ఏడు అత్యధిక అమ్మకాలకు బహుమతి అందుకున్న సేల్స్‌మన్ మరుసటి ఏడు సాధారణంగా కాస్త వెనకబడతాడు. అట్టడుగు బ్రాంచీ సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తే వెంటనే అమ్మకాలు పెరిగినట్టు కనిపిస్తాయి. బహుమతి అతన్ని బద్ధకస్తుణ్ణి చేసిందని, శిక్షణ వీళ్లను మార్చేసిందని మేనేజరు అనుకుంటాడు. శిక్షణ ఇప్పించకపోయినా ఆ బ్రాంచీ ఎంతో కొంత పైకే వచ్చేది.

హోటలింగ్ చూపిన పరీక్ష చాలా చిన్నది. దుకాణాలను 1920 ప్రకారం కాకుండా 1930 ప్రకారం గుంపులు చేసి, వెనక్కి చూడండి. అప్పుడు కథ తిరగబడుతుంది. పదేళ్ల కిందట సగటుకు దగ్గరగా ఉన్నవి రానురాను పైకీ కిందికీ చెదిరిపోయినట్టు కనిపిస్తాయి. అవే దుకాణాలు, అవే అంకెలు. నిజంగా అందరూ సగటుకు చేరుతున్నారో లేదో తెలియాలంటే, మొత్తం దుకాణాల మధ్య తేడా ఏటేటా తగ్గుతోందా అని చూడాలి.

ఈ విషయాన్ని మొదట పట్టుకున్నది ఫ్రాన్సిస్ గాల్టన్. 205 జంటల తల్లిదండ్రులు, వాళ్ల 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తులు సేకరించి, 1886లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. ఆడవాళ్ల ఎత్తును 1.08తో హెచ్చవేసి మగవాళ్ల ఎత్తుతో సమం చేశారు. తల్లిదండ్రుల సగటు ఎత్తు, సాధారణ ఎత్తుకంటే మూడంగుళాలు ఎక్కువగా ఉంటే, పిల్లలది సుమారు రెండంగుళాలే ఎక్కువ. అంటే మూడింట రెండు వంతులు. ఈ సగటు వైపు మళ్లడానికే ఆయన ‘రిగ్రెషన్’ అని పేరు పెట్టారు. తర్వాత గాల్టన్ వెనకనుంచీ లెక్క చూశారు. పిల్లల ఎత్తును బట్టి తల్లిదండ్రుల ఎత్తు అంచనా వేస్తే, మూడింట ఒక వంతే వచ్చింది. పొడుగు పిల్లల తల్లిదండ్రులు కూడా సగటు వైపే మళ్లారన్నమాట! కాలం వెనక్కి నడవదు కదా. కనుక ఇందులో వంశమో పోటీయో చేసే పని లేదు, రెండు కొలతల మధ్య బంధం పూర్తిగా గట్టిది కాకపోవడమే అసలు కారణం.

మన డిగ్రీ పాఠ్యపుస్తకాలు తిరగేసినవారికి ఇక్కడ ఒకటి గుర్తు రావాలి. ‘ఎక్స్ ఆన్ వై’, ‘వై ఆన్ ఎక్స్’ అని రెండు రిగ్రెషన్ సమీకరణాలు కనుక్కోమంటాయి మన పుస్తకాలు. ఒకే సమాచారానికి రెండు గీతలెందుకో చాలామందికి పరీక్ష రాసేదాకా, రాశాక కూడా తెలియదు. గాల్టన్ మూడింట రెండు, మూడింట ఒకటి అన్నవి ఆ రెండు గీతల వాలులే. రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే, ఆ బంధం ఎంత గట్టిదో చెప్పే సహసంబంధ గుణకం వస్తుందని పుస్తకం చెబుతుంది. తీసి చూడండి, 0.47 వస్తుంది. సెక్రిస్ట్ ఒక్క గీతే గీసి, రెండోదాన్ని మర్చిపోయారు. ఈ పాఠ్యాంశాన్ని పాతకాలపు చాదస్తమని తీసిపారేసేవాళ్లున్నారు గానీ, దీన్ని కారణంతో సహా చెప్పే గురువు దొరికితే ఇంతకంటే మంచి పాఠం లేదు.

గీత గీసే పద్ధతి గాల్టన్ కంటే పాతది. ఫ్రాన్స్‌లో లెజాండ్ర్ 1805లోనే కనిష్ఠ వర్గాల పద్ధతిని ప్రచురించారు. కొలతలను గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి, గీతకూ ఒక్కో చుక్కకూ మధ్య నిలువు దూరాన్ని కొలిచి, వర్గం చేసి, అన్నీ కూడితే ఆ మొత్తం ఎంత తక్కువైతే గీత అంత మేలు. ఇప్పుడు ఎక్సెల్ ఆ పని కళ్లు మూసి తెరిచేలోగా చేసేస్తుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో నాలుగు చిన్న పట్టికలు తయారుచేశారు. ఒక్కోదానిలో పదకొండు చుక్కలు. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5. నాలుగింటికీ వచ్చే సమీకరణం ఒకటే. వై సమానం 3, కూడిక 0.5 ఎక్స్. సహసంబంధ గుణకం 0.816. వాలు నిజంగా సున్నా అయ్యుండవచ్చా అని పరీక్షిస్తే నాలుగింటికీ టీ విలువ 4.24 దగ్గరే తేలుతుంది. టీ విలువల పట్టికలో నూటికి అయిదు స్థాయికి హద్దు 2.262 కాబట్టి ‘వాలు సున్నా’ అనే శూన్య పరికల్పనను నాలుగుసార్లూ తోసిపుచ్చవచ్చు. విద్యార్థికి పూర్తి మార్కులు!

ఇప్పుడు చుక్కలు పెట్టి చూడండి. మొదటిదానిలో చుక్కలు గీత చుట్టూ మామూలుగా పరుచుకుని ఉంటాయి. రెండోది విల్లులా వంగిన వంపు, దానికి తిన్నని గీత పనికేరాదు. మూడోదానిలో పది చుక్కలు ఒకే గీత మీద బుద్ధిగా కూర్చుంటే, పదకొండోది పైకెగిరి గీత మొత్తాన్ని తనవైపు లాగింది. ఆ ఒక్కదాన్ని తీసేస్తే వాలు 0.5 నుంచి 0.35 దగ్గరికి పడుతుంది. నాలుగోది మరీ విడ్డూరం. పది చుక్కలకు ఎక్స్ విలువ 8, మిగిలిన ఒక్కదానికి 19. ఆ 19 లేకపోతే వాలే లేదు. ఇది ప్రకటనల ఖర్చు, అమ్మకాల పట్టికే అయితే, ఒకే ఒక్క ఊరి అంకెను నమ్మి ఏడాది బడ్జెట్ వేసినట్టు. రిగ్రెషన్ అభ్యాసంలో మొదటి పని చుక్కలు పెట్టడమే. మన పరీక్షల్లో ఆ చుక్కలకు మార్కులు తక్కువ, అంచేత విద్యార్థులు వాటి జోలికి పోరు.

టీ విలువ అన్నాం కదా, అది సారా కాచే చోటునుంచి కాకపోయినా బీరు కాచే చోటునుంచి వచ్చింది. విలియం సీలీ గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరారు. బార్లీ రకాలు, మాల్టు నాణ్యత పరీక్షించడం ఆయన పని. ఒక్కో పరీక్షకు ఖర్చవుతుంది, కాబట్టి చేతికి నాలుగైదు నమూనాలకు మించి రావు. అప్పటి గణాంకశాస్త్రమేమో వందల్లో అంకెలుంటే తప్ప మాట్లాడేది కాదు. నాలుగు నమూనాల సగటును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడానికి గాసెట్ ఒక పని చేశారు. మూడువేల మంది నేరస్తుల ఎత్తులు, వేలి పొడవులు అట్టముక్కల మీద రాసి, కలగలిపి, నాలుగేసి చొప్పున తీసి 750 నమూనాలు చేశారు. సూత్రం చెప్పిందీ, అట్టముక్కలు చెప్పిందీ సరిపోయాయో లేదో చూసుకున్నారు. సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో 1908 నాటి ఆ వ్యాసం ‘స్టూడెంట్’ అనే పేరుతో వచ్చింది.

అందులో ఆయన వాడిన ఒక ఉదాహరణ ఈనాటికీ అభ్యాసానికి దొడ్డది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ మానసిక చికిత్సాలయంలో పదిమంది రోగులకు రెండు నిద్రమందులు ఇచ్చి, ఒక్కొక్కరికి ఎన్ని గంటల నిద్ర పెరిగిందో కొలిచారు. మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండోదానితో 2.33 గంటలు పెరిగింది. తేడా 1.58 గంటలు. ఇది మందు మహిమా, పదిమందిలో యాదృచ్ఛికంగా వచ్చిన తేడానా?

పరికల్పన పరీక్ష ఇక్కడ అడ్డంగా వాదిస్తుంది. రెండు మందులకూ తేడా ఏమీ లేదనే అనుకుందాం, అలాగైతే ఇంత తేడా కనిపించడం ఎంత అరుదు అని అడుగుతుంది. ఒక్కో రోగికి రెండు మందుల మధ్య తేడాలు వరసగా 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. వీటి ప్రామాణిక విచలనం 1.23. దాన్ని 10 వర్గమూలంతో భాగిస్తే 0.389. సగటు 1.58ని దానితో భాగిస్తే టీ విలువ 4.06. హద్దు మళ్లీ అదే 2.262. మందుల మధ్య తేడా లేకపోతే, ఇంతటి విలువ రావడానికి అవకాశం వెయ్యిలో మూడు పాటి. శూన్య పరికల్పన నిలవదు.

ఇదే పట్టికను తొందరలో ఉన్న విద్యార్థి చేతికిస్తే ఏం చేస్తాడు? పదిమంది ఒక గుంపు, మరో పదిమంది ఇంకో గుంపు అనుకుని రెండు సగటులను పోల్చేస్తాడు. అప్పుడు టీ విలువ 1.86, హద్దు 2.101. తేడా రుజువు కాలేదు అని రాస్తాడు. అవే ఇరవై అంకెలు, రెండు వేర్వేరు తీర్పులు. మొదటి పద్ధతి మనిషిని అతనితోనే పోల్చింది కాబట్టి, కొందరు సహజంగా ఎక్కువ నిద్రపోతారు, కొందరు తక్కువ అనే గోల లెక్కలోంచి తప్పుకుంది. రెండోది ఆ గోలంతా నెత్తికెత్తుకుంది. ఈ సంగతి అంకెల్లో ఎక్కడా రాసి ఉండదు, సమాచారం ఎలా సేకరించారో అడిగితేనే తెలుస్తుంది.

ఇంకొక సరదా. ఆ 4.6 మందుకు అందరికంటే గట్టి సాక్షిలా కనిపిస్తుంది. దాన్ని తీసేసి లెక్క కట్టండి. సగటు 1.24కు తగ్గుతుంది, టీ విలువ మాత్రం 5.66కు పెరుగుతుంది. విపరీతమైన అంకె సగటుతోబాటు విచలనాన్ని కూడా పెంచేస్తుందని ఇలా ఒక్కసారి చేసుకుంటే ఇక మరువలేరు.

వెయ్యిలో మూడు అన్న ఆ అవకాశాన్నే పి-విలువ అంటారు. దాన్ని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ. ‘శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం అంతే’ అని దానికి అర్థం కాదు. తేడా పెద్దదనీ కాదు. నూటికి అయిదు అనే హద్దు కూడా దైవదత్తం కాదు, రోనాల్డ్ ఫిషర్ 1925 నాటి తన పుస్తకంలో వీలుగా ఉంటుందని వాడిన అంకె అది. దుర్వినియోగం ఎంత పెరిగిందంటే 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పి-విలువ మీద ప్రత్యేకంగా ప్రకటనే విడుదల చేసింది. హద్దు దాటిందా లేదా అన్న ఒక్కదాన్నే చూసి వ్యాపార నిర్ణయాలు తీసుకోవద్దని అందులో హెచ్చరించింది.

ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1948లో ఆయన ప్రతిపాదించిన ‘స్కోర్ టెస్ట్’ ఇవాళ ఎకనామెట్రిక్స్ పుస్తకాలన్నిటిలో పరికల్పన పరీక్షల మూడు ముఖ్య మార్గాల్లో ఒకటి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ లెక్కలు స్వయంగా చేసి చూడాలనుకునే పాఠకులు పుస్తకాలు వెతకనక్కర్లేదు. ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కలమజూ రోగుల పట్టిక అందులో ‘స్లీప్’ పేరుతోను, ఆన్స్‌కోంబ్ నాలుగు పట్టికలు ఆయన పేరుతోను ముందే ఉంటాయి. మొదట కాగితం మీద, కాలిక్యులేటర్‌తో చేయండి. ఆ తర్వాతే మీటలు నొక్కండి.