వంటగది లేని రెస్టారెంటు ప్లాను

కొత్త రెస్టారెంటుకు తయారయ్యే డ్రాయింగుల్లో ముందుగా కంటికి ఆనేది ముఖభాగం. గాజు గోడలు, వెలుగుల బోర్డు, మెట్ల పక్కన మొక్కలు అందంగా ఉంటాయి. లోపలి పేజీలో బల్లలు, కుర్చీలు ఒక్కొక్కటే గీసి ఉంటాయి. వెనుక మూలన మాత్రం ఒక ఖాళీ గడి, అందులో 'కిచెన్' అన్న ఒక్క మాట. పొయ్యిలు ఏ గోడకు ఉన్నాయో, పొగ ఎటు పోతుందో, కడుగునీళ్లు ఎక్కడ చేరతాయో ఆ కాగితం చెప్పదు. హైదరాబాద్‌లో సెట్‌బ్యాకులు, ఎత్తు, పార్కింగులకు 2012 నాటి జీవో 168 లెక్కలు కట్టి పెట్టింది. ఆ లెక్కలన్నీ సరిపోయినా ఈ ఖాళీ గడి రెస్టారెంటును ముంచగలదు.

గాలితో మొదలుపెడదాం. 60 చదరపు మీటర్ల వంటగది, 3 మీటర్ల ఎత్తు అనుకుంటే లోపల ఉండే గాలి 180 ఘనపు మీటర్లు. పొయ్యిల మీద 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న చిమ్నీ హుడ్ సెకనుకు అర మీటరు వేగంతో గాలిని లాగితే సెకనుకు 1.8 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. అంటే వంద సెకన్లలో గది మొత్తానికి సరిపడా గాలి ఖాళీ. బయటికి పోయినంత గాలి ఏదో ఒక దారిన లోపలికి రావలసిందే. ప్లానులో ఆ దారి చూపకపోతే అది తానే వెతుక్కుంటుంది: భోజనాల హాలులోని ఏసీ చల్లదనాన్నో, మరుగుదొడ్డి వాసననో లాక్కుంటుంది. అదీ చాలకపోతే పొయ్యి మంటకు ప్రాణవాయువు కరువై కార్బన్ మోనాక్సైడు పుడుతుంది.

ఇందులో మరో చిక్కుంది. అగ్నిప్రమాదంలో జనం తోసుకువచ్చినా తెరుచుకునేలా తలుపులు బయటికి తెరుచుకోవాలని నిబంధన. లోపలి పీడనం బయటికంటే 50 పాస్కళ్లు తగ్గితే, రెండు చదరపు మీటర్ల తలుపును బయటి గాలి వంద న్యూటన్ల బలంతో, అంటే దాదాపు పది కిలోల బరువంత, లోపలికి అదిమి పట్టుకుంటుంది. అగ్నిమాపక నిబంధన కోసం సరిగ్గా అమర్చిన తలుపునే ఎగ్జాస్ట్ ఫ్యాను మూసిపెడుతుందన్నమాట. ఎలివేషన్ చిత్రాన్ని ఎంతసేపు చూసినా ఈ సంగతి తెలియదు.

డక్టు దారి కూడా గీసి చూపాలి. తాలింపు, వేపుడు పొగతో నూనె ఆవిరి పైకి వెళ్లి చల్లబడి, రేకు లోపల జిగటగా పేరుకుంటుంది. అడ్డంగా ఎంత దూరం సాగితే అంత పేరుకుంటుంది. తందూరు నిప్పురవ్వ ఒక్కటి చేరితే చాలు. అందుకే డక్టు పొట్టిగా, నిటారుగా, శుభ్రం చేయడానికి తలుపులతో ఉండాలి. దాని నోరు పక్కింటి కిటికీకి ఎదురుగా ఉండరాదు.

గ్యాసు సంగతి పొగకు తలకిందులు. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీదికి, ఆపైన సెల్లారులోకి దిగుతుంది. 19 కిలోల వాణిజ్య సిలిండరు పూర్తిగా ఖాళీ అయితే వచ్చే వాయువు ఎనిమిది ఘనపు మీటర్ల పైమాటే. గాలిలో సుమారు రెండు శాతం చేరినా మండుతుంది కనుక, అది 400 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. మన వంటగదికి అది రెట్టింపుకు మించిన పరిమాణం. సిలిండర్ల గది సెల్లారులో కాని, సెల్లారు ర్యాంపు పక్కన కాని కనిపిస్తే మిగతా పేజీలు తిరగేయనక్కర్లేదు.

ఇక కడుగునీళ్లు. నూనె నీటికంటే తేలిక కాబట్టి తేలుతుంది, గ్రీజ్ ట్రాపు పనిచేసేది ఈ సూత్రం మీదే. కాని తేలడానికి సమయం కావాలి. స్టోక్స్ సూత్రం ప్రకారం నూనె బొట్టు వ్యాసం సగమైతే పైకి లేచే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. వేడినీళ్లు, సబ్బు కలిసి బొట్లను మరీ చిన్నవి చేస్తాయి. నీరు అరగంట నిలవాలనుకుంటే, సెకనుకు లీటరు ప్రవాహానికి 1,800 లీటర్ల తొట్టి కావాలి. సింకు కింద ఇమిడే పెట్టె ఏ మూలకు? ట్రాపు దాటిన కొవ్వు డ్రైనేజీలో చల్లబడి, కాల్షియంతో కలిసి సబ్బులా గట్టిపడుతుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ మురుగుకాలువలో అలా గడ్డకట్టిన కొవ్వు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు తూగింది.

ఆ తొట్టి ఎక్కడన్నది సైట్ ప్లాను తేల్చాలి. మన స్థలాల్లో గేటు దగ్గరే మంచినీళ్ల సంపు ఉంటుంది. జాగా కలిసివస్తుందని ట్రాపును దాని పక్కనే పెట్టే ప్రలోభం ఎక్కువ. రెండింటి మధ్య దూరం, తొట్టిని ఖాళీ చేసే ట్యాంకరు వచ్చే దారి రెండూ కనబడాలి. హైదరాబాద్ నేలలో చాలాచోట్ల గ్రానైటు పైపైనే తగులుతుంది, కనుక ఇంకుడు గుంతల చోటును కూడా నేల చూసే నిర్ణయించాలి.

ముందున్న గాజు పడమరకు ఉంటే మరో ప్రశ్న. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది, పైన ఎంత సన్‌షేడ్ వేసినా ఆగదు. నిలువు పలకలో, చెట్లో కావాలి.

చివరగా మనుషులు. 2017 డిసెంబరు 29న ముంబై కమలా మిల్స్ ఆవరణలో, పైకప్పు మీద నడిచే రెస్టారెంట్లలో చెలరేగిన మంటకు 14 మంది బలయ్యారు. చాలామంది మరుగుదొడ్లలో తలదాచుకొని పొగకు ఊపిరాడక పోయారు. బయటికి దారి కానరానప్పుడు మనిషి తెలిసిన తలుపు వైపే వెళతాడు. కాబట్టి ప్రతి కుర్చీ నుంచి రెండు వేర్వేరు దారులు కనిపిస్తున్నాయా, వాటిలో ఒకటి వంటగది గుండా పోతోందా అని వేలితో గీసుకుంటూ చూడాలి. వంటగది గుండా పోయేదాన్ని దారిగా లెక్కించకూడదు.

ప్లాను పరిశీలించే అధికారులకు, ఆర్కిటెక్టులకు ఒక్క విజ్ఞప్తి. పొయ్యిలు, హుడ్, లోపలికొచ్చే గాలి దారి, డక్టు, సిలిండర్లు, గ్రీజ్ ట్రాపు గీసి లేని రెస్టారెంటు ప్లానును అసంపూర్ణమని రాసి వెనక్కి పంపండి.